అదే హాలు, అదే జంట: అమలాపురం సాత్విక్ పునరాగమనం

రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ 2000 ఆగస్టు 13న కోనసీమలోని అమలాపురంలో పుట్టాడు. నాన్న కాశీ విశ్వనాథం పీఈటీ మాస్టారు కావడంతో బ్యాడ్మింటన్ ఇంట్లోనే అబ్బింది. 2014లో హైదరాబాద్ గోపీచంద్ అకాడమీలో చేరాడు. ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టితో జోడీ కట్టించింది మలేసియా కోచ్ టాన్ కిమ్ హెర్. ఇద్దరూ వెనక నుంచి స్మాష్‌లు బాదేవాళ్లే, మరి నెట్ దగ్గర ఆడేదెవరు? ఆ పని చిరాగ్ నేర్చుకోవాల్సి వచ్చింది. 2023లో ఈ జోడీ ప్రపంచ నంబర్ వన్ అయింది.

2024 ప్యారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో మలేసియా జంట ఆరన్ చియా, సో వూయి యిక్ చేతిలో తొలి గేమ్ గెలిచి కూడా ఓడారు. కోచ్ మథియాస్ బో తప్పుకున్నారు. పాత గురువు టాన్ మళ్లీ వచ్చారు. 2025 ఫిబ్రవరిలో సాత్విక్ తండ్రి కన్నుమూశారు. ఆ ఏడాది ఆగస్టులో ప్రపంచ చాంపియన్‌షిప్ క్వార్టర్స్, మళ్లీ ప్యారిస్‌లోని అదే హాల్లో, అదే జంటతో! ఈసారి 21-12, 21-19తో గెలిచారు. సెమీస్‌లో చైనా జోడీ ఆపినా, 2022 తర్వాత రెండో కాంస్యం దక్కింది.