యవనుల దేవరాజు జియస్

గ్రీకుల పురాణగాథలు ప్రస్తావనకు వచ్చినపుడు మనవారు "జియస్ అనగా వారి ఇంద్రుడే" యని ఒక్క మాటలో తేల్చివేయుదురు. ఆ మాట సగము నిజము. చేతిలో పిడుగు, మేఘములపై అధికారము, దేవతలకు రాచరికము, పరస్త్రీలయెడ చాపల్యము, ఇవి చూచినచో పోలిక కొట్టవచ్చినట్లున్నది. కాని ఇంద్రునకు మన యింటిలో పీట లేదు. జియస్‌నకో, గ్రీకు గృహస్థుని ముంగిటను, కొట్టుగదిలోను గూడ చోటుండెను. పుట్టిన సీమను విడిచి తరతరములుగా పొరుగు రాష్ట్రములందు కాపురముండు మన బోటి కుటుంబములకు ఈ ముంగిటి జియస్ ఎక్కువ ఆసక్తి గొల్పునని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పేరును బట్టి చూచినచో జియస్ ఇంద్రునకు గాక ఋగ్వేదమందలి ద్యౌఃపితకు జ్ఞాతి. రోమనుల జూపిటరును ఆ వంశమువాడే. వెలుగొందు ఆకాశమని ఆ మాటకు మూలార్థము. మన దేశమున ద్యౌఃపిత నామమాత్రుడై, అతని దొరతనము ఇంద్రుని పాలయ్యెను. గ్రీసు దేశమున అట్లు జరుగలేదు. 1952లో మైకేల్ వెంట్రిస్ అను ఆంగ్లేయుడు, వృత్తిచే గృహశిల్పి, అంతవరకు ఎవ్వరికిని కొరుకుడుపడని ప్రాచీన గ్రీకు మట్టిపలకల లిపిని చదువగలిగెను. క్రీ.పూ. 1200 ప్రాంతమున తగులబడిన పైలాస్ రాజగృహపు పలకలలో జియస్ పేరు కానవచ్చినది. అవి కావ్యములు కావు, స్తోత్రములు కావు. కచ్చేరీ గుమాస్తాలు వ్రాసికొన్న చిట్టాలు. జియస్‌నకు బంగరు పాత్ర ఒకటి, అతని దేవేరి హీరాకు బంగరు పాత్ర ఒకటి యని పద్దు వేసియున్నది. జీవితమంతయు దస్త్రముల నడుమ గడపిన మాకు, దేవరాజును గూర్చిన తొలి సాక్ష్యములలో ఒకటి ఒక గుమాస్తా చేతివ్రాత యగుట మిక్కిలి సంతోషము కలిగించినది.

అతడు రాజైన విధమును క్రీ.పూ. 700 ప్రాంతమువాడైన హెసియడ్ కవి చెప్పినాడు. తండ్రి క్రోనస్, తన సంతానమే తన్ను కూలద్రోయునని విని, పుట్టిన బిడ్డను పుట్టినట్లే మ్రింగివేయుచుండెను. కంసుని కథ తలపునకు రాక మానదు. ఐతే ఇచ్చట హంతకుడు మేనమామ కాడు, కన్నతండ్రియే. తల్లి రియా కడగొట్టు బిడ్డను క్రీటు ద్వీపమున దాచి, గుడ్డలు చుట్టిన రాతిని భర్తకందించెను. పెరిగి పెద్దవాడైన జియస్ తోబుట్టువులను కక్కించి, పదియేండ్లు టైటనులతో పోరాడి గెలిచెను. పిడుగు అతనికి పుట్టుకతో వచ్చిన సొత్తు కాదు. చెరనుండి తాను విడిపించిన ఒంటికంటి వారలు కృతజ్ఞతతో ఇచ్చిన ఆయుధము. యుద్ధము ముగిసిన పిదప భూదేవి సలహాపై దేవతలే అతనిని ఏలుమని వేడుకొనిరట. ఈ చివరి మాటను చాలమంది విస్మరింతురు.

హోమరు మతమున రాజ్యము అన్నదమ్ముల భాగపంపకము. చీట్లు వేయగా జియస్‌నకు ఆకాశము, పొసైడనునకు సముద్రము, హేడిస్‌నకు మృతలోకము దక్కెను. భూమియు ఒలింపస్ కొండయు ఉమ్మడి. అన్నగారి ఆజ్ఞ వచ్చినపుడు పొసైడను ఈ పంపకమునే ఎత్తి చూపి, "తన వాటాలో తన్ను ఉండుమనుడు" అను ధోరణిలో సణగును, ఐనను లోబడును. జియస్‌నకు హద్దు మరియొకటి కలదు, అది విధి. ట్రాయి యుద్ధమున తన కుమారుడు సార్పెడను చావునకు సిద్ధమై నిలిచినపుడు జియస్ అతనిని తప్పింపదలచెను. నీవట్లు చేసినచో తక్కిన దేవతలును తమ తమ బిడ్డలను తప్పింపజూతురు గదా యని హీరా అడ్డు చెప్పెను. సర్వాధికారి యైన తండ్రి ఆ మాటకు కట్టుబడి, నేలపై నెత్తుటి వాన కురిపించి ఊరకుండెను. అధికారమునకును న్యాయమునకును గల సంబంధమును ఇంతకన్న చక్కగా చూపిన ఘట్టము ఆ కావ్యమున మాకు కానరాలేదు.

ఇక ఇంటి జియస్ సంగతి. ఏథెన్సు నగరమున ఆర్కను అను అధికారి పదవికి ఎన్నికైన వానిని కొలువు చేరకమునుపు కొన్ని ప్రశ్నలు అడుగుచుండిరని అరిస్టాటిలు పేర వెలసిన గ్రంథము చెప్పుచున్నది. నీ తండ్రి యెవరు, తాత యెవరు, తల్లి యెవరి బిడ్డ, మీ ముంగిటి జియస్ ఎక్కడ, మీ పెద్దల సమాధులెక్కడ? మన పెద్దలు సంబంధము మాటాడునపుడు ఇంటిపేరు, గోత్రము, స్వగ్రామము అడుగుట వంటిదే ఇది. ముంగిట బలిపీఠముగల జియస్ ఇంటికి కంచె. కొట్టుగదిలోని జియస్ సొత్తునకు కాపు. ఈ రెండవ వానికి తెల్లని ఉన్ని చుట్టిన రెండు చెవుల కుండయే విగ్రహము. అందు నీరు, నూనె, పండ్లు నింపుదురు. థెస్పియే పట్టణమున దొరికిన ఒక శిలపై ఇతడు పాము రూపమున చెక్కబడియున్నాడు. పిడుగు చేబట్టిన దేవరాజు కుండలోను పాములోను ఉండుట పాశ్చాత్య పండితులకు వింతగా తోచవచ్చును. కలశమును, నాగులను పూజించు మనకు తోచదు.

పరదేశి కూడ జియస్ రక్షణలోని వాడే. తలుపు తట్టిన వానికి ముందు అన్నము పెట్టి, పిదపనే పేరడుగవలెను. ఒడిస్సూసు చింకిగుడ్డలతో వచ్చినపుడు పందుల కాపరి, అతిథులును బిచ్చగాండ్రును జియస్ పంపినవారేయని ఆదరించెను. రాకుమారుడు పారిస్ అన్నము పెట్టిన మెనెలాసు ఇల్లాలిని తీసికొనిపోయి ఆతిథ్యధర్మమును చెరచెను. ట్రాయి నాశనమునకు గ్రీకులు చెప్పుకొన్న కారణములలో ఇది ముఖ్యము. హెసియడ్ కుటుంబమును వలస వచ్చినదే. అతని తండ్రి పేదరికము చేత సముద్రము దాటి అస్క్రా గ్రామమున స్థిరపడెను. తండ్రి ఆస్తి విషయమున తమ్ముడు పెర్సెస్ లంచగొండి న్యాయాధిపతుల అండతో తన్ను మోసగించెనని కవి మొరపెట్టుకొని, జియస్‌నకు ముప్పదివేల అదృశ్య కావలివారు కలరనియు, వారు తీర్పులను కనిపెట్టియుందురనియు హెచ్చరించినాడు. కోర్టు గుమ్మము తొక్కినవారికి ఆ కవి బాధ తెలియును.

ఒలింపియాలో నాలుగేండ్లకొకమారు జరిగిన క్రీడలు జియస్ ఉత్సవములే. అవి క్రీ.పూ. 776లో మొదలైనవని సంప్రదాయము. అచ్చటి ఆలయమున ఫిడియస్ శిల్పి దంతముతోను బంగారముతోను చేసిన కూర్చున్న విగ్రహము సుమారు 12 మీటర్ల ఎత్తుండెను. మాకు అంతకన్న ముచ్చట గొల్పునవి అచ్చటి చిన్న భాండారగృహములు. వానిలో ఎక్కువ భాగము గ్రీసులోని నగరములు కట్టినవి కావు. సిసిలీ, ఇటలీ తీరములకు వలసపోయిన గ్రీకుల ఊళ్లు, సైరక్యూసు, గెలా, సెలినస్ వంటివి కట్టించినవి. పరాయి నేలపై ధనము గడించినవారు ఉమ్మడి దేవుని ముందు తమ పేరుండవలెనని కోరుకొనిరి. క్రీడాకారులు వరాహమాంసముపై ప్రమాణము చేసి బరిలో దిగుదురు. క్రీ.పూ. 388లో ఒక మల్లుడు ప్రత్యర్థులకు లంచమిచ్చి గెలువగా, వసూలైన జరిమానాతో ఆరు కంచు జియస్ విగ్రహములు చేయించి, పోటీలకు పోవు దారి ప్రక్కనే నిలిపిరి.

అతని ప్రేమకలాపములను గూర్చి విస్తరింపము. ప్రతి ఊరి రాజవంశమును తాను జియస్ సంతతి యని చెప్పుకొనగోరుట, ఊరూర స్థానిక దేవతను అతనికి భార్యగా జతపరచుట ఆ కథలు పెరుగుటకు కారణములని పండితుల అభిప్రాయము. మాకును సమంజసముగనే తోచుచున్నది. క్రీ.పూ. 6వ శతాబ్దమున క్సెనోఫనీసు అను తత్త్వవేత్త, హోమరు హెసియడులు దొంగతనమును, వ్యభిచారమును దేవతలకంటగట్టిరని బాహాటముగా నిందించెను. అతడును స్వస్థలమైన కొలొఫను విడిచి ఇటలీ ప్రాంతములకు పోయినవాడే.

జియస్ మన దేశమునకును వచ్చెను. బాక్ట్రియా నేలిన డియొడొటసు పేరునకు జియస్ దత్తుడని అర్థము. అతని నాణెములపై జియస్ పిడుగు విసరుచుండును. తక్షశిల నేలిన అంటియల్కిదసు నాణెములపై అతడు సింహాసనాసీనుడు. ఎదుట ఏనుగు కలదు. నాణెమునకు ఒక వైపు గ్రీకు అక్షరములు, రెండవ వైపు ఖరోష్ఠీ లిపిలో ప్రాకృతము. ఈ రాజు పంపిన దూత హెలియొడొరసు క్రీ.పూ. 2వ శతాబ్దాంతమున విదిశ చెంత బేస్‌నగరమున వాసుదేవునకు గరుడస్తంభము నెత్తించి, తన్ను భాగవతునిగా బ్రాహ్మీ లిపిలో చెప్పుకొనెను. అందు తన తండ్రి పేరు డియోన్ అని వ్రాయించినాడు. ఆ పేరు జియస్ పేరునుండి పుట్టినదే. ఆ స్తంభమును ఊరివారు ఖామ్ బాబా యని కొలుచుచు సిందూరము పూయుచుండిరి. 1909లో ఆ పూత తొలగించిన పిదపనే అక్షరములు బయటపడినవి.