డేటాబేస్ ఎక్కడిదాకా వచ్చింది? ఒక అంకె కథ

రిలీజ్ కాల్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది: "ప్రొడక్షన్ డేటాబేస్ ఏ వెర్షన్‌లో ఉంది?" కోడ్ సంగతి సీవీఎస్, సబ్‌వర్షన్ ఎప్పటినుంచో చెప్తున్నాయి. టేబుళ్ళ సంగతి చెప్పాల్సింది మాత్రం డీబీఏ గారే. ఆయన ఫోన్ ఎత్తకపోతే అంతే సంగతులు! ఆ జవాబు మనిషి బుర్రలోంచి వెబ్ చిరునామాలోకి ఎలా వచ్చిందన్నది సరదా కథ.

మైగ్రేషన్లని ఎక్కువమందికి అలవాటు చేసింది 2005లో రూబీ ఆన్ రెయిల్స్. స్కీమా_ఇన్ఫో అనే టేబుల్‌లో ఒకే ఒక్క అంకె ఉండేది. 43 ఉందంటే 43 దాకా అన్నీ అయిపోయినట్టే లెక్క. కానీ ఒకాయన 43 ముందే రన్ అయిపోయి, ఇంకొకాయన 42 బ్రాంచ్‌లోంచి లేటుగా వస్తే? 42ని పట్టించుకునే దిక్కే లేదు. అంకె మాత్రం "అంతా బాగానే ఉంది" అంటుంది! అందుకే 2008లో రెయిల్స్ 2.1 టైమ్‌స్టాంప్‌లకి మారింది, రన్ అయిన ప్రతి మైగ్రేషన్‌కీ టేబుల్‌లో ఒక వరుస ఇచ్చింది. జావా వైపు లిక్విబేస్ (2006), ఫ్లైవే (2010) చెక్‌సమ్ కూడా దాస్తాయి. పాత ఫైల్‌ని తర్వాత ఎవరైనా గెలికితే దొరికిపోతారు.

ఇంత చేసినా, చూడాలంటే డేటాబేస్ లాగిన్ కావాలి. 2015లో స్ప్రింగ్ బూట్ 1.3 ఈ రెండింటికీ యాక్చుయేటర్‌లో ఎండ్‌పాయింట్లు పెట్టింది. బ్రౌజర్‌లో కొడితే చాలు, ఏవి అయ్యాయి, ఏది ఫెయిలైంది అన్నీ కనబడతాయి. మనకి కనబడేది దొంగకీ కనబడుతుంది కదా! స్క్రిప్ట్ పేర్లు చదివితే టేబుళ్ళ గుట్టు సగం తెలిసిపోతుంది. 2018లో స్ప్రింగ్ బూట్ 2.0 వెబ్‌లో హెల్త్, ఇన్ఫో తప్ప మిగతావి డిఫాల్ట్‌గా మూసేసింది.

ఈలోగా కుబర్నెటిస్ వచ్చింది, ప్రశ్న అడిగేది మనిషి బదులు యంత్రం అయింది. అసలు చిక్కు ఇక్కడే. మనిషికి "పెండింగ్" అని కనబడితే ఆగి ఆలోచిస్తాడు. లైవ్‌నెస్ ప్రోబ్ ఫెయిలైతే కుబర్నెటిస్ కంటైనర్‌ని చంపి మళ్ళీ లేపుతుంది. ఆప్ స్టార్టయ్యేటప్పుడే లిక్విబేస్ రన్ అవుతుంటే, మధ్యలో చంపినందుకు దాని లాక్ అలాగే మిగిలిపోవచ్చు. కొత్తగా లేచిన కంటైనర్ ఆ లాక్ కోసం పడిగాపులు కాస్తుంది. దాన్నీ చంపుతుంది... అమెరికా క్లయింట్‌కి పట్టపగలు, మనకి అర్ధరాత్రి!

2023లో రెయిల్స్ 7.1 "అప్" అనే చిరునామా ఇచ్చింది. ఆప్ లేచిందా లేదా అన్నంతవరకే చెప్తుంది, డేటాబేస్ ఊసెత్తదు. కావాలనే అలా పెట్టారు. డేటాబేస్ పడుకుంటే ఆప్‌ని చంపి లాభమేంటి?

అందుకే నేననేది, మైగ్రేషన్ స్టేటస్ తప్పకుండా చూపించండి. కానీ లోపలి నెట్‌వర్క్‌లో, వేరే పేజీలో, ఒట్టి అంకెగా కాకుండా పూర్తి జాబితాగా, మనుషుల కోసం. ట్రాఫిక్ ఆపాల్సినంత అవసరం నిజంగా ఉంటే రెడీనెస్‌లో పెట్టండి. లైవ్‌నెస్ జోలికి మాత్రం తీసుకెళ్ళకండి. నిద్ర మీది, నాది కూడా :)