తాండూరు బండయు ధ్రువపు మంచును

వికారాబాదు, తాండూరు ప్రాంతములలో నాపరాయి పఱచిన యిండ్లు పెక్కులు. కాని యా రాతి చరిత్రమును విచారించువా రరుదు. అది 50 కోట్ల యేండ్లకుఁ బూర్వము సముద్రగర్భమున నడుసుగా దిగి గట్టిపడినది. అనంతగిరి నల్లరాయి సుమారు 6.5 కోట్ల యేండ్ల క్రిందట భూగర్భమునుండి పొంగి పాఱిన ద్రవశిల. ఈ రెంటి నడుమ జరిగిన హిమయుగచరిత్రము ఇచ్చటి రాళ్లలో లిఖింపఁబడలేదు. దానిని జదువవలెనన్న నుత్తరమునకు, పెన్‌గంగ లోయకుఁ బోవలెను.

1856లో బ్లాన్‌ఫర్డు సోదరులును థియోబాల్డును ఒరిస్సాలోని తాల్చేరునందు సన్నని మట్టిలోఁ బెద్ద గుండ్లు చిక్కియుండుటఁ గాంచి, వీనిని మోసి తెచ్చినది మంచే యనిరి. ఉష్ణదేశమున మంచేమని పలువురు శంకించిరి. చాందా చెంత ఇరాయి గ్రామమున నునుపెక్కి గీఁతలు పడిన సున్నపురాతి బండనుగూర్చి ఫెడెన్ 1875లోఁ బ్రకటించెను. నీరు రాతిని గుండ్రము చేయునే కాని, తిన్నని గీఁతలు వరుసగా గీయదు. హిమానీనదము తన యడుగున గడ్డకట్టిన రాళ్లతో నేలను రాచుచు జరుగునప్పుడే యట్టి గీఁతలు పడును.

దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికాలయందును ఇట్టి గుర్తులే కలవు. ఖండములు పూర్వ మొక్కటిగా నుండి విడిపోయినవని వెగెనరు 1912లోఁ జెప్పెను. 1960 దశాబ్దమునఁ గాని యా మాటకు విద్వత్సమ్మతి కుదురలేదు. సుమారు 30 కోట్ల యేండ్ల క్రిందట మన నేల దక్షిణధ్రువమునకు నేఁటికంటె మిగులఁ జేరువగా నుండెను.

ఇప్పటి ధ్రువఖండమున బియర్డ్‌మోర్ హిమానీనదము పర్వతములను జీల్చుకొని 160 కిలోమీటర్లకు మించి దిగుచున్నది. 1912 ఫిబ్రవరిలో స్కాటు దళము ఆఁకటితోను జలితోను మరలుచు, అచ్చట నేఱిన సుమారు 16 కిలోల రాళ్లను విడువక యీడ్చుకొనిపోయెను. నవంబరులో మృతకళేబరముల చెంతనే యవి దొరకినవి. వానిలో గ్లాసాప్టెరిస్ అను వృక్షపు టాకుల యచ్చులుండెను. గోదావరిలోయ బొగ్గు నేలలోని శిలలయందును ఆ జాతియాకుల యచ్చులే కలవు.

ప్రాణము పోవుచున్నను సాక్ష్యమును విడువని యా నిష్ఠను మేము మిక్కిలి గౌరవింతుము. పెద్దలు చెప్పిరని నమ్ముటయు, వింతగా నున్నదని త్రోసివేయుటయు రెండును దోషములే. నిదర్శన మెట్లున్నదని యడుగుట మన బాలురకును బాలికలకును ఇంటిలోనే యలవడవలెను. ఆ ప్రశ్నకుఁ గాలి క్రింది నాపరాయి చాలును.