మొగల్ ప్రాభవ క్షీణత: ఉర్దూ కవిత్వం, పత్రికలు

1707లో ఔరంగజేబు మరణించాక కూడా మొగల్ సింహాసనం ఢిల్లీలో మరో 150 ఏళ్లు నిలిచింది. బిరుదులు, దర్బారు మర్యాదలు చెక్కుచెదరలేదు. సుబాలు, ఖజానా, సైన్యం మాత్రం చేజారిపోయాయి. ఈ క్షీణతను మొదట కవులు, తరువాత పత్రికలవారు అక్షరబద్ధం చేశారు.

మొగలుల కాలంలో వార్తాలేఖకులు దర్బారు విశేషాలను రాసి పంపేవారు. ఆ లేఖల ధోరణినే వెక్కిరిస్తూ జాఫర్ జటల్లీ వ్యంగ్య రచనలు చేశాడు. మొగల్ చక్రవర్తి ఫరూక్‌సియర్ నాణెం మీది పద్యానికి పేరడీ కట్టినందుకు 1713లో అతనికి మరణశిక్ష పడిందని సాహిత్య సంప్రదాయం చెబుతుంది.

1739లో ఇరాన్ పాలకుడు నాదిర్ షా ఢిల్లీని కొల్లగొట్టాడు. తరువాత అఫ్ఘాన్ పాలకుడు అహ్మద్ షా అబ్దాలీ దండయాత్రలు సాగాయి. ఆ కాలంలో ఉర్దూలో ‘షహర్ ఆషోబ్’ అనే ప్రక్రియ బలపడింది. నగరానికి పట్టిన దుర్దశను వర్ణించే కవిత్వమిది. దీని గొప్పదనం రాజు కిరీటాన్ని కాక ప్రజల బతుకుతెరువును చూడటంలో ఉంది. మీర్జా సౌదా కవిత్వంలో జీతం అందని సిపాయి, మేత లేక చిక్కిశల్యమైన గుర్రం కనిపిస్తాయి. ఆ గుర్రం మొగల్ సైన్యపు దుస్థితికి ప్రతీక. ఆగ్రా కవి నజీర్ అక్బరాబాదీ పనిలేక అల్లాడుతున్న వృత్తిదారులను వరసగా చూపించాడు. సౌదా, మరో కవి మీర్ తకీ మీర్ ఇద్దరూ చివరికి ఢిల్లీ వదిలి అవధ్ నవాబుల ఆశ్రయానికి చేరారు.

రాజే కవి అయిన సందర్భమూ ఉంది. 1788లో రోహిల్లా నాయకుడు గులాం ఖాదిర్ మొగల్ చక్రవర్తి రెండో షా ఆలం కళ్లు పెరికించాడు. ఆఫ్తాబ్ అనే కలం పేరుతో రాసే ఆ చక్రవర్తి తన అంధత్వం మీద పారశీకంలో విలాప కవిత చెప్పుకున్నాడు. ఆయన రాజ్యం ఢిల్లీ నుంచి దాపునే ఉన్న పాలం వరకే అని జనం చెప్పుకునేవారు. 1803లో ఢిల్లీ ఈస్టిండియా కంపెనీ వశమైంది. 1835లో కంపెనీ నాణేల మీద మొగల్ చక్రవర్తి పేరు కూడా తొలగింది.

1830ల చివరి నుంచి మౌల్వీ మహమ్మద్ బాకర్ ‘దేహ్లీ ఉర్దూ అఖ్బార్’ అనే వారపత్రికను నడిపాడు. ఎర్రకోట వార్తలకు ‘హుజూరె వాలా’ అనీ, కంపెనీ ప్రతినిధి వార్తలకు ‘సాహిబె కలాఁ’ అనీ అందులో వేర్వేరు శీర్షికలు ఉండేవి. పేరు ఒకరిది, పెత్తనం మరొకరిది అన్న సంగతి ఏ సంపాదకీయమూ అక్కర్లేకుండానే పాఠకుడికి తెలిసిపోయేది. 1841 నుంచి దర్బారు తరఫున ‘సిరాజుల్ అఖ్బార్’ పారశీకంలో వెలువడింది.

1857 మే 11న కంపెనీపై తిరుగుబాటు చేసిన సిపాయిలు ఢిల్లీ చేరారు. ‘దేహ్లీ ఉర్దూ అఖ్బార్’ మే 24 సంచికలో బాకర్ కుమారుడు మహమ్మద్ హుసేన్ ఆజాద్ కవిత అచ్చయింది. గతించిన మహారాజ్యాలను తలచుకునే పాత పద్ధతిలోనే అది సాగింది. అయితే ఈసారి కూలిన అధికారం ఇంగ్లీషువారిది. ఈ చరిత్రలో కవిత్వం, వార్త ఇంత గాఢంగా కలిసిన ఘట్టం మరొకటి లేదు. జూలైలో కవి కూడా అయిన చక్రవర్తి బహదూర్ షా జఫర్ పేరిట ఆ పత్రిక ‘అఖ్బారుజ్జఫర్’ అయింది. సెప్టెంబరులో ఇంగ్లీషువారు ఢిల్లీని తిరిగి పట్టుకుని బాకర్‌ను చంపేశారు. ఆజాద్ ప్రాణాలతో తప్పించుకున్నాడు.

1858 జనవరి నుంచి మార్చి వరకు ఎర్రకోటలోనే జఫర్ విచారణ జరిగింది. ఢిల్లీ పత్రికల భాగాలను అక్కడ సాక్ష్యంగా చదివారు. ఆ ఏడాది లండన్ ‘టైమ్స్’ విలేఖరి విలియం హోవర్డ్ రస్సెల్ బందీగా ఉన్న చక్రవర్తిని చూశాడు. ఒకప్పుడు ఆ వంశాన్నే వేడుకుని ఎదిగిన కంపెనీకి ఆయనను కృతఘ్నుడనే అర్హత ఉందా అని ప్రశ్నించాడు. విజేతల పక్షాన వచ్చిన పాత్రికేయుడు అలా రాయడం విశేషం.

1857 ఘటనలపై కవి గాలిబ్ రాసిన పారశీక గ్రంథం ‘దస్తంబూ’ 1858లో వెలువడింది. పాలకుల మెప్పు ఆశించిన రచన కావడంతో అందులో జాగ్రత్త ఎక్కువ. ఆయన ఉర్దూ ఉత్తరాల్లో ఢిల్లీ దుఃఖం మరింత సూటిగా పలుకుతుంది. విచారణ తరువాత ప్రవాసానికి పంపిన జఫర్ 1862 నవంబరు 7న రంగూన్‌లో మరణించాడు. ఆయన ప్రవాస వేదనగా ప్రచారమైన కొన్ని గజళ్ల కర్తృత్వంపై వివాదం ఉంది. 1863లో ‘ఫుగానె దేహ్లీ’ పేరిట ఢిల్లీ విధ్వంసంపై అనేక కవుల విలాప కవితలు సంకలనమయ్యాయి. తరువాత లాహోర్‌లో స్థిరపడిన ఆజాద్ 1880లో ‘ఆబె హయాత్’ ప్రచురించి సౌదా, మీర్ మొదలైన కవుల చరిత్రను గ్రంథస్థం చేశాడు.