ఐలవ్యూ వర్మ్: తప్పంతా నొక్కినవాడిదేనా?

ఈమెయిల్ వర్ముల గురించి ఎవరు చెప్పినా మొదటి సలహా ఒకటే: "ముక్కూమొహం తెలియనివాళ్ళు పంపిన అటాచ్‌మెంట్లు తెరవొద్దు". కంపెనీల్లో సెక్యూరిటీ ట్రైనింగ్ పేరుతో మనచేత వల్లె వేయించేదీ ఇదే. నాకీ సలహా మీద పెద్దగా గురి లేదండీ. ఎందుకంటే ఈ జాతిలోకెల్లా పేరుమోసిన ఐలవ్యూ వచ్చింది బాగా తెలిసినవాళ్ళ దగ్గర్నుంచే.

2000 మే 4న మనీలాలో మొదలైందది. ఒకరి కంప్యూటర్లో దూరగానే, అవుట్‌లుక్ అడ్రస్ బుక్కులో ఉన్న అందరికీ వాళ్ళ పేరు మీదే తనను తాను పంపుకునేది. అంటే మీకొచ్చిన "ఐ లవ్ యూ" మెయిలు మీ మేనేజరు నుంచో, పక్క సీటాయన నుంచో అయి ఉంటుంది. తెరవకుండా ఉండాలంటే ఎంత నిగ్రహం కావాలో మీరే చెప్పండి! బ్రిటిష్ పార్లమెంటు, పెంటగాన్ లాంటి చోట్ల కూడా మెయిలు ఆపుకోవాల్సి వచ్చింది.

సరే, తెరిచారు. ఏం చూసి తెరిచారు? ఫైలు పేరుకి టీఎక్స్‌టీ, వీబీఎస్ అని వరసగా రెండు తోకలు. తెలిసిన ఎక్స్‌టెన్షన్లు దాచెయ్యడం విండోస్ డిఫాల్టు సెట్టింగు కాబట్టి, అసలు తోక మాయమై టీఎక్స్‌టీ ఒక్కటే కనబడేది. టెక్స్టు ఫైలే కదా అని నొక్కితే అది విజువల్ బేసిక్ స్క్రిప్టు. జేపెగ్ ఫొటోల మీద తన కాపీని రాసి పారేసేది (ఎంపీ3లను మాత్రం చెరపకుండా దాచిపెట్టేది, అదేం జాలో!). పేరు దాచింది విండోస్, స్క్రిప్టుకి సర్వాధికారాలూ ఇచ్చి నడిపింది విండోస్. తిట్లు తిన్నది నొక్కినవాడు.

దీన్ని రాసిన ఒనెల్ డి గుజ్మాన్ మనీలాలో కంప్యూటర్ కాలేజీ విద్యార్థి. పాస్‌వర్డులు కాజేసే ప్రోగ్రామును థీసిస్‌గా ఇస్తానంటే కాలేజీ తిప్పికొట్టింది. ఫిలిప్పీన్స్‌లో అప్పటికి ఇలాంటి నేరానికి చట్టమే లేదు. జూన్‌లో ఒకటి తెచ్చారు గానీ పాత పనికి వర్తించదు కదా, ఆగస్టులో కేసు ఎత్తేశారు. 2020లో వెలువడిన ఇంటర్వ్యూలో, ఫోన్లు రిపేరు చేసుకుంటూ బతుకుతున్న అతను అది తన పనేనని ఒప్పుకున్నాడు.

ఇక రక్షణ సంగతి. యాంటీవైరస్ మందు వర్ము బయటపడ్డాక వచ్చేదే. పైగా ఇది ఉత్త స్క్రిప్టు, నోట్‌ప్యాడ్‌లో సబ్జెక్టు మారిస్తే కొత్త వర్ము తయారు. "జోక్" అనీ, మదర్స్ డే ఆర్డరు అనీ రోజుల్లోనే పిల్లలు పెట్టింది. అసలు అడ్డుకట్ట 2000 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన అవుట్‌లుక్ అప్‌డేటు. ఈఎక్స్ఈ, వీబీఎస్ లాంటివి తెరవనివ్వదు. ఏదైనా ప్రోగ్రాము అడ్రస్ బుక్కు ముట్టుకోబోతే మనల్ని అడుగుతుంది. మనం ఊరుకుంటామా? పేరు మార్చి, జిప్ చేసి పంపడం నేర్చుకున్నాం. 2004లో బేగిల్ అనే వర్మూ అదే నేర్చుకుంది. పాస్‌వర్డ్ పెట్టిన జిప్‌లో కూర్చుని, ఆ పాస్‌వర్డ్ మెయిల్లోనే రాసి పంపేది. తాళం ఉన్న జిప్ లోపలికి స్కానర్లు చూడలేకపోయేవి!

ఐలవ్యూకి ఏడాది ముందే, 1999 మార్చిలో, మెలిస్సా ఇదే పని వర్డ్ మాక్రోతో చేసి చూపించింది, మొదటి 50 అడ్రసులకి. నెట్ నుంచి దిగిన ఆఫీస్ ఫైళ్ళలో మాక్రోలను డిఫాల్టుగా అడ్డుకోవడం 2022లో గానీ మొదలవలేదు. ఇరవైమూడేళ్ళు! ఎక్స్‌టెన్షన్లు దాచే అలవాటైతే విండోస్ 11లోనూ పోలేదు. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఇంట్లో కంప్యూటర్లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, వ్యూ మెనూలో షో కింద "ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్" దగ్గర టిక్కు పెట్టి రండి.