పోలియో చుక్కలోళ్ళు, నక్కవాగు రైతులు



పోయిన ఆదివారం మా గ్రామ పంచాయతీ ఆఫీసు ముందర పెద్ద లొల్లి అయింది. ఒక సేవా క్లబ్బు వాళ్ళు వచ్చి, "మీ ఊరికి మంచినీళ్ళ ప్లాంటు పెట్టిస్తం, జాగ చూపించుండ్రి" అన్నరు. సగం మంది సంతోషపడ్డరు. వాగు పక్క పొలాలున్నోళ్ళు మాత్రం "నీళ్ళు ఖరాబు చేసేది ఒకరు, క్యాన్లు నింపేది ఇంకొకరు, మనకెందుకీ దానం" అని తువ్వాల దులుపుకొని లేచిపోయిన్రు. "నువ్వు ఫోన్ల రాస్తవు గదా, నువ్వే చెప్పు" అని నన్ను అడిగిన్రు. అప్పుడు నోట మాట రాలేదు. వచ్చే ఆదివారం మళ్ళ కూచుంటున్నం. అందుకని నాకు తెలిసినంత రాస్తున్న. ఓపికతో చదవండి.

ముందుగాల ఈ క్లబ్బులు ఎట్ల పుట్టినయో చూద్దాం. 1905లో అమెరికాలోని చికాగోలో పాల్ హారిస్ అనే వకీలు ముగ్గురు దోస్తులను కూడేసి రోటరీ మొదలుపెట్టిండు. ఒక వారం ఒకరి ఆఫీసులో, ఇంకో వారం ఇంకొకరి ఆఫీసులో వంతులవారీగా కూచునేటోళ్ళు కాబట్టి ఆ పేరు వచ్చింది. అదే చికాగోలో 1917లో మెల్విన్ జోన్స్ అనే బీమా వ్యాపారి లయన్స్ క్లబ్బుకు పునాది వేసిండు. వ్యాపారులం మన లాభమే చూసుకుంటే ఎట్ల, ఊరికి కూడా ఏమన్న చేద్దామని ఆయన ఆలోచన. 1925లో కళ్ళు, చెవులు రెండూ లేని హెలెన్ కెల్లర్ లయన్స్ సభకు వచ్చి, గుడ్డివాళ్ళ కోసం పని చేయండని అడిగింది. కంటి క్యాంపులకు వాళ్ళు ఇంత పేరు పడ్డరంటే మూలం అక్కడున్నది. రోటరీ 1920 నాటికే కలకత్తాకు వచ్చింది, లయన్స్ 1956లో బొంబాయికి వచ్చింది.

నా మాట చెప్తా. మా అమ్మకు రెండు కండ్లల్ల మోతిబిందు వచ్చి గోడ పట్టుకొని నడిచేది. ఒక క్లబ్బు వాళ్ళు బడిలో పెట్టిన క్యాంపుకు తీసుకపోతే, బస్సులో తోలుకపోయి, ఆపరేషన్ చేయించి, నల్లద్దాలు పెట్టి పంపిన్రు. పైసా తీసుకోలే. నాలుగో దినం మా అమ్మ చాటలో బియ్యం పోసుకొని రాళ్ళు ఏరింది. అది చూసినోన్ని కాబట్టి, క్లబ్బులంటే ఫోటోల కోసం వచ్చేటోళ్ళని నేను అనలేను.

వీళ్ళు చేసిన పనుల్లో అన్నిటికన్న పెద్దది పోలియో. 1985లో రోటరీ ఈ పని నెత్తికెత్తుకుంది. 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ లాంటివి కలిసినయి. అప్పుడు ఏడాదికి సుమారు మూడున్నర లక్షల మంది పిల్లలకు కాళ్ళు, చేతులు పడిపోయేవి. మన దేశంలో 1995 నుంచి పల్స్ పోలియో నడిచింది. 2009లో కూడా దేశంలో 741 కేసులున్నయి. 2010లో 42కు దిగినయి. 2011 జనవరి 13న బెంగాల్‌లోని హౌరా దగ్గర ఒక చిన్న బిడ్డకు వచ్చిందే ఆఖరిది. 2014 మార్చి 27న పోలియో పోయిందని సర్టిఫికెట్ ఇచ్చిన్రు.

ఎట్ల గెలిచిన్రు? మందు ఒక్కటే కాదు, లెక్క. చుక్కలు వేసిన పిల్లకు చిటికెన వేలు మీద సిరా గుర్తు, ఇంటి గోడ మీద సుద్దతో నంబరు. బస్టాండ్ల, ఇటుక బట్టీల కాడ కూడా వెతికి వేసిన్రు. ఒక్క ఇల్లు తప్పినా మళ్ళ వచ్చిన్రు. మన అంగన్‌వాడీ అక్కలు, ఏఎన్ఎం అమ్మలు ఎండలో ఎంత తిరిగిన్రో మనం చూసినోళ్ళమే. క్లబ్బు పైసలు పెట్టింది, సర్కారు మనుషులను పెట్టింది, తల్లులు పిల్లల్ని ఎత్తుకొచ్చిన్రు. ముగ్గురు కలిస్తేనే పని అయింది.

ఇప్పుడు మన వాగు సంగతికి వద్దాం.

పటాన్‌చెరు, బొల్లారం వైపు 1970ల నుంచి ఫ్యాక్టరీలు ఒకదాని వెంట ఒకటి వచ్చినయి. మన పిల్లలకు కొలువులు దొరికినయి, అది కాదనం. కాని మందుల కంపెనీల నీళ్ళు చెరువుల్లోకి, నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీరలోకి దిగినయి. 1980ల్లో పటాన్‌చెరులో డాక్టర్ కిషన్‌రావు తన దగ్గరికి వచ్చే రోగులను చూసి, ఇది ఒంట్లో పుట్టిన రోగం కాదు, నీళ్ళ నుంచి వచ్చిన రోగం అని గొంతెత్తిండు. రైతులు ఆయన వెంట నడిచిన్రు. ఆయనది సేవా క్లబ్బు కాదు, మెడల బ్యాడ్జీ లేదు. కాని నా లెక్కల అది సేవే.

1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ అనే సంస్థ సుప్రీంకోర్టుకు పోయింది. సంగారెడ్డిలోని జిల్లా జడ్జితో కోర్టు విచారణ చేయించింది. నష్టపరిహారం ఖుష్కి ఎకరాకు 1000 రూపాయలు, తరి ఎకరాకు 1700 రూపాయలు అని కట్టిన్రు. ఒక యాసంగి ఎరువులకు కూడా చాలని పైసలు. కాని మొదటిసారి రైతు నష్టం కాగితం మీదికి ఎక్కింది. ఆ కేసు తర్వాత హైకోర్టుకు, అక్కడి నుంచి చెన్నైలోని హరిత ట్రిబ్యునల్‌కు పోయి, 2017 దాకా నడిచింది. ఇరవై ఏడేండ్లు. కేసు మొదలైనప్పుడు పుట్టిన పిల్లలకు పెండ్లిళ్ళయినయి.

ఈ మధ్యల 2007లో స్వీడన్ దేశపు శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళను పరీక్ష చేసి ప్రచురించిన్రు. సుమారు 90 మందుల కంపెనీల నీళ్ళు అక్కడికి వచ్చేవి. శుద్ధి అయినంక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉంది. మనకు జ్వరం, మోషన్లు అయితే డాక్టర్ రాసే గోలీ అదే. ఒక్క దినంలో పోయే ఆ మందు సుమారు 45 కిలోలు, స్వీడన్ దేశమంతా ఐదు దినాలు వాడేంత అని లెక్క కట్టిన్రు. ఇట్లాంటి నీళ్ళల్లో క్రిములు మందుకు అలవాటు పడుతయి. అప్పుడు మనకు జబ్బు చేస్తే గోలీ పని చెయ్యదు. 2009లో కేంద్ర కాలుష్య మండలి దేశమంతా మార్కులు వేస్తే పటాన్‌చెరు–బొల్లారంకు 70 దాటినయి, తీవ్ర కాలుష్యం జాబితాలో పడ్డం. శుద్ధి చేసిన నీళ్ళను పైపులైను వేసి అంబర్‌పేటకు తోలిన్రు. అక్కడ మూసీ కింద సాగు చేసేటోళ్ళు కూడా మన రైతులే గదా.

ఇంకో ఊరి ముచ్చట చెప్పాలె. గుజరాత్‌లో వాపి అని మనలాంటి ఫ్యాక్టరీల పట్టణం ఉన్నది. 2011–12లో ప్రపంచ రోటరీకి అధ్యక్షుడైన కళ్యాణ్ బెనర్జీ అక్కడి క్లబ్బు మనిషే. అక్కడ రోటరీ పేరుతో ఆసుపత్రి నడుస్తున్నది. 2009 మార్కుల్లో ఆ వాపికి మనకన్న ఎక్కువే, 88 వచ్చినయి. నేను ఎవరినీ తప్పు పట్టడం లేదు. ఆసుపత్రి ఉన్నా వాగు దానంతట అది తేటపడదు, అంతే నేను చెప్పేది. రోగికి మందు ఇచ్చే సేవ ఒకటి, రోగం రాకుండ చూసే సేవ ఇంకొకటి. రెండూ కావాలె.

అందుకే నా మాట ఇది. ప్లాంటు వద్దనొద్దు. పిల్లలు ఇయ్యాల తాగాలె, కోర్టు తీర్పు దాకా దూప ఆగదు. కాని మూడు సంగతులు ముందే మాట్లాడుకుందాం.

ఒకటి, జాగ పంచాయతీ పేరు మీదనే ఉండాలె. ఫిల్టర్లు మార్చే ఖర్చు, కరెంటు బిల్లు ఎవరిదో కాగితం రాసుకోవాలె. ప్లాంటు నుంచి వదిలే ఉప్పునీళ్ళు ఎటు పోతయో కూడా అడగాలె. అవి మళ్ళ బాయిలకు దిగొద్దు.

రెండు, క్లబ్బు వాళ్ళను ఇంకో సాయం అడుగుదాం. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, మన బోర్ల నీళ్ళు మంచి ల్యాబ్‌లో పరీక్ష చేయించమందాం. చేతిల పట్టుకునే టీడీఎస్ మీటరు ఉప్పు ఎంతుందో చెప్తది గాని, మందు అవశేషాలు చెప్పదు. దాన్ని చూసి మోసపోవద్దు.

మూడు, పోలియో వాళ్ళ తీరు మనం లెక్క రాద్దాం. ఊరికి ఒక రిజిస్టరు. సర్వే నంబరు, తారీఖు, నీళ్ళ రంగు, వాసన, ఏ పంట ఎండింది, ఏ బర్రె ఈసుకపోయింది, ఫోటో. కోర్టు నష్టం కట్టాలంటే ఏ ఊరు, ఎన్ని ఎకరాలు, తరినా ఖుష్కినా అని అడుగుతది. అప్పుడు "అందరికీ తెలుసు సారూ" అంటే నడవదు.

నేను పోయిన వానకాలం వాగు పక్క అరెకరం వరి పోగొట్టుకున్న. ఏ దినం నీళ్ళు రంగు మారినయో నా దగ్గర రాత లేదు. ఆ తప్పు నాదే. నిన్న రెండు వందల పేజీల రిజిస్టరు కొన్న. మొదటి పేజీల నా సర్వే నంబరు రాసిన. ఆదివారం తీసుకొస్త, మీ నంబర్లు కూడా చెప్పుండ్రి.