జరగని పోటీ

1911 అక్టోబరు 2న లండన్‌లోని ఎర్ల్స్‌కోర్టులో ఒక బాక్సింగ్ పోటీ జరగవలసి ఉంది. ఒక పక్క ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్, అమెరికా నల్లజాతి బాక్సర్ జాక్ జాన్సన్. ఎదుట నిలవబోయేది 22 ఏళ్ల ఇంగ్లీషువాడు, బొంబార్డియర్ బిల్లీ వెల్స్. ఆ పోటీ జరగలేదు. వెల్స్ కథ చెప్పేవాళ్లు మామూలుగా అతని గెలుపోటములు లెక్కపెడతారు. నా మటుకు, అతని కాలాన్నీ అతని స్థానాన్నీ ఎక్కువగా పట్టిచూపేది ఈ జరగని పోటీయే.

వెల్స్ 1889లో లండన్ ఈస్ట్ ఎండ్‌లో పుట్టాడు. 1906లో రాయల్ ఆర్టిలరీలో గన్నర్‌గా చేరితే, సైన్యం అతన్ని రావల్పిండికి పంపింది. కంటోన్మెంటులో బాక్సింగ్ ఒట్టి కాలక్షేపం కాదు; బాగా ఆడే సిపాయికి దళంలో పేరు, ఆ పేరుతోపాటు కొంత వెసులుబాటు దొరికేవి. వెల్స్ అక్కడే అఖిల భారత చాంపియన్ అనిపించుకున్నాడు. 1910లో సొమ్ము కట్టి సైన్యం నుంచి విడుదల కొనుక్కుని, వృత్తి బాక్సర్‌గా ఇంగ్లండుకు తిరిగి వెళ్లాడు. ఉద్యోగం వదిలినా హోదా వదల్లేదు. బొంబార్డియర్ అంటే ఫిరంగిదళంలో ఒక చిన్న హోదా. అదే అతనికి ఇంటిపేరులా అతుక్కుపోయింది.

మనిషి ఆరడుగుల మూడంగుళాల పొడగరి. ఎడమచేత్తో సూటిగా కొట్టే గుద్దులో మంచి నేర్పరి. దవడ మీద గట్టి దెబ్బ పడితే మాత్రం నిలవలేకపోయేవాడు. 1911 జనవరిలో గన్నర్ మోయిర్ చేతిలో మూడో రౌండులోనే నేలకొరిగాడు. నాలుగు నెలలు తిరక్కుండానే, ఏప్రిల్ 24న, ఐరన్ హేగ్‌ను ఆరో రౌండులో పడగొట్టి బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. ఆ పోటీ కోవెంట్ గార్డెన్‌లోని నేషనల్ స్పోర్టింగ్ క్లబ్‌లో జరిగింది. అక్కడ రౌండు నడుస్తున్నంతసేపూ సభ్యులు నోరు మెదపకూడదు. పెద్దమనుషులు భోజనం ముగించి, నిశ్శబ్దంగా కూర్చుని, పేదింటి కుర్రాళ్లు కొట్టుకుంటుంటే చూసేవారు. బ్రిటిష్ చాంపియన్లకు ఇచ్చేందుకు 1909లో మొదలైన లాన్స్‌డేల్ బెల్టును హెవీవెయిట్లలో మొదట గెలిచింది వెల్సే.

జాన్సన్‌తో పోటీ ఖాయమైంది ఆ ఊపులోనే. అంతకుముందు ఏడాది, 1910 జూలై 4న, రీనోలో జాన్సన్ తెల్లజాతి మాజీ చాంపియన్ జెఫ్రీస్‌ను ఓడించినప్పుడు అమెరికా నగరాల్లో అల్లర్లు చెలరేగాయి. ఆ పోటీ సినిమాను దక్షిణాఫ్రికాలో నిషేధించారు. పాలకుల బెంగ రింగులో కారే నెత్తురు గురించి కాదు. తెల్లవాడు నల్లవాడి చేతిలో దెబ్బతినే దృశ్యాన్ని వలస రాజ్యాల ప్రజలు చూస్తారని. లండన్‌లో బాప్టిస్టు బోధకుడు ఎఫ్.బి. మేయర్ ఉద్యమం లేవదీశాడు. కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ వంటివారు గొంతు కలిపారు. హోంమంత్రి విన్‌స్టన్ చర్చిల్ ఈ పోటీ చట్టవిరుద్ధమన్నాడు. బో స్ట్రీట్ కోర్టుకు పిలిపిస్తే జాన్సన్ తన వాదన తానే వినిపించుకున్నాడు. ఆఖరికి పోటీ ఆగిపోయింది. ఇదే వెల్స్ తెల్లవాళ్లతో తలపడుతుంటే క్రూరత్వం ఎవరికీ కనిపించలేదు, అది వేరే సంగతి.

వెల్స్‌ను జాన్సన్ ఓడించేవాడనే అనుకోవాలి. తరువాతి రెండేళ్ల ఫలితాలు చూస్తే ఆ అనుమానం బలపడుతుంది. 1912లో న్యూయార్క్ వెళ్లి ఆల్ పాల్జర్ చేతిలో, 1913లో గన్‌బోట్ స్మిత్ చేతిలో నాకౌటయ్యాడు. 1913 జూన్‌లో గెంట్ నగరంలో ఫ్రెంచి బాక్సర్ జార్జెస్ కార్పెంటియర్ నాలుగో రౌండులో పడగొట్టాడు. డిసెంబరులో సొంత ఊళ్లో, నేషనల్ స్పోర్టింగ్ క్లబ్‌లోనే మళ్లీ తలపడితే, పని 73 సెకన్లలో ముగిసిపోయింది. అయినా బ్రిటిష్ బిరుదు నుంచి అతన్ని దించగల తెల్లవాడు చాలాకాలం దొరకలేదు. 1915లో తిరిగి సైన్యంలో చేరి ఫ్రాన్స్‌లో పనిచేశాడు. యుద్ధం ముగిశాక, 1919 ఫిబ్రవరిలో, జో బెకెట్‌కు బిరుదు అప్పగించాడు. చివరి పోటీ 1925లో.

తర్వాత చిన్నాచితకా సినిమా వేషాలు వచ్చాయి. ర్యాంక్ సంస్థ సినిమాల మొదట్లో పెద్ద గంటను మోగించే కండల మనిషిగా తెరమీద కనిపించినవాళ్లలో వెల్స్ ఒకడు. ఆ గంట కాగితపు గుజ్జుతో చేసింది. వినిపించే మోత వేరొకరు వేరే వాద్యం మీద వాయించింది.

జాన్సన్ వ్యవహారం తర్వాత నల్ల బాక్సర్లను బ్రిటిష్ బిరుదు దరిదాపులకు రానివ్వని ఆచారం స్థిరపడింది. 1929లో ఏర్పడిన బాక్సింగ్ నియంత్రణ బోర్డు దాన్ని నిబంధనగానే రాసుకుంది: పోటీదారు తల్లిదండ్రులిద్దరూ తెల్లవారై ఉండాలి. ఆ నిబంధన తీసేశాక, 1948 జూన్‌లో, బ్రిటిష్ చాంపియన్ అయిన మొదటి నల్లజాతివాడు మిడిల్‌వెయిట్ బాక్సర్ డిక్ టర్పిన్. అప్పటికి వెల్స్‌కు 58 ఏళ్లు.